తుపాకీలో రెండు స్ప్రింగులు

కోటప్పకొండ తిరునాళ్ళ అయిన నాలుగో రోజు పొద్దున్నే బుడగల కొట్టు ఆయన గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి మూటతో మా నరసరావుపేట ఇంటి గేటు తీశాడు. తిరునాళ్ళలో చెక్కకి వరసగా బుడగలు కట్టి, చేతికి ఎయిర్ గన్ ఇచ్చి కాల్పిస్తారే, ఆ కొట్టు. ఫిజిక్సు మాస్టారంటే మిక్సీ దగ్గర్నుంచి మోటారు దాకా అన్నీ బాగుచేస్తాడని మా ఊళ్ళో ఒక నమ్మకం. పాఠం చెప్పడం వేరు, పానా పట్టడం వేరు అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. నిజం చెప్పాలంటే, వినకపోవడమే నాకూ ఇష్టం.

"దెబ్బ పడట్లేదండీ మాస్టారూ. గుండు బుడగ దాకా పోయి, దాన్ని ముద్దెట్టుకుని కింద పడిపోతంది. ఒక్కోసారేమో ఢామ్మని పేలి పొగ చిమ్ముతంది. పిల్లోళ్ళు జడుసుకుంటన్నారు."

"నూనె ఏమన్నా వేశావా?"

"వేశానండీ. గుండు పెట్టే కాడ బొక్క ఉంటది గదా, అందులో కుట్టుమిషను నూనె. రోజూ రెండు చుక్కలు."

జబ్బు సగం అక్కడే తెలిసిపోయింది. మూట పుచ్చుకుని, వారం ఆగి రమ్మన్నాను. అప్పటికే మా మనవరాలు లెక్కల పుస్తకం మూసేసి నా వెనక నిలబడి ఉంది. తొమ్మిదో తరగతి. పరీక్షలు దగ్గరపడే కొద్దీ దానికి నా పనుల మీద శ్రద్ధ ఎక్కువవుతుంది.

"తాతయ్యా, దీన్లో మందు ఎక్కడ పెడతారు?"

"మందు లేదమ్మడూ. గాలే."

"మరి గాలి ఎక్కడ నింపుతారు?"

"నింపరు. ఇప్పుడు మనిద్దరం పీల్చుకుంటున్నామే, అదే గాలి."

నమ్మలేదు. వెదురు తుపాకీ సంగతి చెప్పాల్సి వచ్చింది. మా చిన్నప్పుడు వేలంత సన్నటి వెదురు గొట్టం కోసుకుని, ఒక చివర తడికాగితం ఉండ కూరి, రెండో చివర ఇంకో ఉండ పెట్టి, పుల్లతో దాన్ని లోపలికి తోసేవాళ్ళం. రెండు ఉండల మధ్య గాలి ఇరుక్కుంటుంది. పుల్ల ముందుకెళ్ళే కొద్దీ ఆ గాలికి చోటు తగ్గిపోతుంది. ఇక ఓర్చుకోలేక ముందున్న ఉండని టప్పున బయటికి తన్నేస్తుంది. పుల్ల ఆ ఉండని తాకనే తాకదు. బస్తర్‌లో, జగదల్‌పూర్ గోంచా పండక్కి ఇప్పటికీ ఇలాంటి వెదురు గొట్టాలతోనే పెంగు కాయలు పేలుస్తారు. వాటి పేరు కూడా 'తుప్కి'.

మూటలో ఉన్నదీ అదే సామాను, ఇనుముతో చేసిందంతే. పుల్ల ఉండాల్సిన చోట పిస్టను, దాన్ని తోసే చెయ్యి బదులు స్ప్రింగు. గొట్టాన్ని మధ్యకి విరిచి కిందికి లాగితే, లోపల పిస్టను వెనక్కి జరిగి స్ప్రింగు నొక్కుకుని కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గరు నొక్కితే కొక్కెం జారుతుంది. పిస్టను ముందుకి దూకి ఎదురుగా ఉన్న గాలిని మూలకి నెట్టేస్తుంది. ఆ గాలికి పారిపోవడానికి అగ్గిపుల్ల పట్టేంత బెజ్జం ఒక్కటే దారి. దాని నోటి దగ్గర గుండు కూర్చుని ఉంటుంది. ఇదంతా సెకనులో దాదాపు నూరో వంతులో అయిపోతుంది.

చిత్రం ఏమిటంటే, పిస్టను వెళ్ళి ఇనుప గోడకి గుద్దుకోదు. నలిగిన గాలే పరుపులా అడ్డం పడి దాన్ని ఆపుతుంది, ఒక్కోసారి కాస్త వెనక్కి కూడా తోస్తుంది. కాబట్టి ఈ తుపాకీలో స్ప్రింగులు రెండు. ఒకటి ఉక్కుది, రెండోది గాలిది. ఈ మాట నా సొంతం కాదు. 1660లో రాబర్ట్ బాయిల్ అచ్చువేసిన పుస్తకం పేరులోనే 'గాలి స్ప్రింగు' ఉంది. ఆ ప్రయోగాలకి పంపు తయారుచేసి పెట్టిన కుర్రాడు రాబర్ట్ హుక్. తర్వాత ఉక్కు స్ప్రింగు సూత్రం కనిపెట్టిందీ ఆయనే. ఎంత లాగితే అంత గుంజుతుంది, ఎంత నొక్కితే అంత తంతుంది అన్న ఆ ఒక్క వాక్యాన్ని ఎవరైనా కాజేస్తారేమోనని 1676లో అక్షరాలు కలగాపులగం చేసి అచ్చువేశాడు. రెండేళ్ళు ఆగి 1678లో గుట్టు విప్పాడు. మా మనవరాలు ఫోనుకి పెట్టుకునే పాస్‌వర్డు కూడా అంత గట్టిగా ఉండదు.

విప్పే ముందు జబ్బు కొలవాలన్నాను. డాక్టరు థర్మామీటరు పెట్టకుండా మందు రాయడు కదా.

పాలపొడి డబ్బా ఒకటి తీసుకుని, ఒక పక్క రేకు కోసేసి, బంకమట్టి కూరి, డబ్బాతో కలిపి సరిగ్గా అరకిలో తూగేలా చేశాం. పెరట్లో ఉయ్యాల కొక్కేనికి మీటరు పొడవు దారాలతో వేలాడదీశాం. డబ్బా వెనక బల్ల మీద చెక్క స్కేలు, దాని మీద అగ్గిపెట్టె లోపలి సొరుగు. గుండు తగిలి డబ్బా వెనక్కి ఊగితే సొరుగుని తోసుకుంటూ పోతుంది. డబ్బా తిరిగి వస్తుంది, సొరుగు అక్కడే ఉండిపోతుంది. ఎంత జరిగిందో తీరిగ్గా చూసుకోవచ్చు. వాటన్నిటికీ వెనక ఇసుక బస్తా, దాని వెనక ప్రహరీ గోడ. ఇద్దరికీ కళ్ళద్దాలు. మనవరాల్ని నా వెనకే నిలబెట్టాను.

గుండు బరువు అరగ్రాము. డబ్బా దానికి వెయ్యి రెట్లు. గుండు మట్టిలో కూరుకుపోయి తన ఊపంతా డబ్బాకి ఇచ్చేస్తే, డబ్బా కదిలే వేగం గుండు వేగంలో వెయ్యో వంతు. మీటరు పొడవు లోలకం ఒక పక్క నుంచి రెండో పక్కకి ఊగడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. దాని పుణ్యమా అని లెక్క తేలికైపోతుంది. సొరుగు జరిగిన సెంటీమీటర్లని 3.14తో హెచ్చవేస్తే డబ్బా బయల్దేరిన వేగం సెకనుకి ఇన్ని సెంటీమీటర్లని వస్తుంది. దాన్ని వెయ్యితో హెచ్చవేస్తే గుండు వేగం. ఈ ఉపాయం 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన ఫిరంగుల పుస్తకంలో రాసింది. ఆయన కొయ్య పలక బిగించిన బరువైన ఇనుప లోలకం వేలాడదీశాడు, మాకు పాలపొడి డబ్బా చాలింది.

మొదటి దెబ్బకి సొరుగు రెండున్నర సెంటీమీటర్లు జరిగింది. సెకనుకి 78 మీటర్లు. రెండోసారీ అంతే. మూడోసారి ఢామ్మంది! నీలంగా పొగ, మాడిన నూనె వాసన, సొరుగు ఏడు సెంటీమీటర్ల దగ్గర. అంటే 220 మీటర్లు.

"తాతయ్యా, బాగైపోయింది!"

"బాగవలేదమ్మా, జ్వరం పెరిగింది."

సైకిలుకి గాలి కొడితే పంపు అడుగు ఎందుకు కాలుతుంది? గాలిని గబుక్కున నొక్కితే వేడెక్కుతుంది. పంపులో నొక్కింది ఏపాటి? ఇక్కడ ఇరవయ్యో వంతు చోటులోకి కుక్కామనుకో, కాగితం మీద లెక్క వేస్తే వేడి 700 డిగ్రీలు దాటుతుంది. ఒత్తిడి అరవై అయిదు రెట్లు పైనే. అందులో కొంత వేడిని గోడలు లాగేసుకుంటాయి, అయినా మిగిలింది నూనె ఆవిరి భగ్గుమనడానికి చాలు. చేలో నీళ్ళు తోడే డీజిలు ఇంజనుకి నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు, చూశావా? అదీ ఈ వేడి మీదే నడుస్తుంది. మన బుడగల ఆయన రోజుకి రెండు చుక్కలు పోసి, తెలియకుండానే తుపాకీని డీజిలు ఇంజను చేసిపెట్టాడు. ఆ పేలుడు పిస్టనుని వెనక్కి తంతుంది. స్ప్రింగు విరుగుతుంది, వాషరు మాడుతుంది.

అసలు కాస్త నూనె ప్రతి దెబ్బకీ కాలుతూనే ఉంటుందని ఇంగ్లండులో కార్డ్యూలు అనే పరిశోధకులు తేల్చారు. గాలి తీసేసి నత్రజనిలో పేల్చి చూస్తే గుండు వేగం బాగా పడిపోయింది. నత్రజనిలో నూనె మండదు కదా. కాబట్టి కాలడం తప్పు కాదు, చెయ్యి దాటిపోవడం తప్పు.

ఇక విప్పడం. ఇక్కడ మా మనవరాల్ని గుమ్మం అవతల కూర్చోమన్నాను. మూతి ముడుచుకుంది గానీ వెళ్ళింది.

ముందుగా గొట్టం విరిచి గుండు లేదని కంటితో చూశాను, సన్న పుల్ల దూర్చి చేత్తోనూ చూశాను. స్ప్రింగు ఎక్కించి లేదని కూడా రూఢి చేసుకున్నాను. కర్ర భాగానికి మూడు మరలు, ముందు పక్కల రెండు, ట్రిగ్గరు కింద ఒకటి. అవి తీస్తే కర్ర ఊడి వస్తుంది. అంతవరకూ ఎవరైనా చేస్తారు. అసలు మెలిక తర్వాత ఉంది. సిలిండరు వెనక దిమ్మని ఆపుతున్నవి అడ్డంగా దిగిన రెండు పిన్నులు. చూడ్డానికి చీపురు పుల్లంత అమాయకంగా ఉంటాయి. తుపాకీ ఎక్కించకపోయినా లోపల స్ప్రింగు ఖాళీగా లేదు. మూడు సెంటీమీటర్లు నొక్కుకునే కూర్చుంది. పిన్ను కొట్టేస్తే ఆ దిమ్మ పదిహేను కిలోల బలంతో వెనక్కి దూకుతుంది. ఎదురుగా మన ఛాతీయో మొహమో ఉంటుంది.

అందుకని వడ్రంగి దగ్గర్నుంచి తలుపులు బిగించే పొడుగాటి క్లాంపు అరువు తెచ్చాను. తుపాకీని పొడుగునా అందులో పెట్టి, వెనక దిమ్మకి చెక్కముక్క ఆనించి, పిన్నులు వదులయ్యేదాకా బిగించాను. అప్పుడు పిన్నులు కొట్టకుండానే వేలితో నెడితే వచ్చేశాయి. ఇక క్లాంపు మరని పావు చుట్టు, పావు చుట్టు చొప్పున వదులుతూ పోవడమే. దిమ్మ అలా అలా బయటికొచ్చి, చివరికి స్ప్రింగు పట్టు వదిలేసింది. నేనూ అప్పుడే ఊపిరి వదిలాను. చేత్తో అదిమిపట్టుకుని తీసేస్తామనే ధీరులు ఉన్నారు. వాళ్ళ మాటలు పిట్టలదొర కబుర్ల పద్దులో రాసుకోవాలి.

"ఇప్పుడు రావచ్చా?"

"రా."

స్ప్రింగుని గుడ్డతో తుడిచి దాని చేతికిచ్చాను. నొక్కడానికి చూసి, నవ్వేసింది. స్ప్రింగు నొక్కితే లోపల తీగకి ఏమవుతుందో అడిగాను. వంగుతుందంది. వంగదు, మెలి తిరుగుతుంది. తువ్వాలు పిండినట్టు తీగ పొడుగునా పిండుకుంటుంది. అందుకే నొక్కేటప్పుడు స్ప్రింగు చివర కాస్త గిర్రున తిరగాలని చూస్తుంది. చివరలు గరుకుగా ఉంటే ఆ తిరుగుడికి కీచుమంటుంది. గరుకు కాగితం మీద రెండు చివరలూ నున్నగా రుద్దించాను.

తర్వాత హుక్ గారి మాట నిజమో కాదో చూశాం. చెక్కకి నిలువుగా కొట్టిన ఇనుప కడ్డీకి స్ప్రింగు తొడిగి, పైన బెజ్జమున్న పలక పెట్టి, దాని మీద అయిదు కిలోల బియ్యం సంచి ఎక్కించాం. ఒక సెంటీమీటరు దిగింది. రెండో సంచికి రెండు, మూడో సంచికి మూడు. మా ఆవిడ వచ్చి నాలుగో సంచి ఇవ్వనంది. అక్కర్లేదు కూడా. స్ప్రింగు లోపల ఉన్నప్పుడే 3 సెంటీమీటర్లు నొక్కుకుని ఉంది, ఎక్కిస్తే ఇంకో 7. మొత్తం 10కి 50 కిలోలు. పదిహేను నుంచి యాభై దాకా పెరిగే బలం 7 సెంటీమీటర్ల దారిలో పెట్టే పని 22 జౌళ్ళు. యాభై కిలోలున్నా చేతికి అంత తెలియదు, విరిచే గొట్టం పొడుగాటి మీటలా పనిచేస్తుంది.

పిస్టను ముక్కుకి తోలు వాషరు. ఇప్పటి తుపాకుల్లో ప్లాస్టిక్కుది ఉంటుంది. ఇది పాతకాలపుది, చిన్న గిన్నెలా ఉంటుంది. దాన్ని చూడగానే నాకు మా అమ్మ పంపు స్టవ్వు గుర్తొచ్చింది. ఎంత కొట్టినా గాలి ఎక్కకపోతే, అమ్మ పంపు కడ్డీ లాగి చివరి తోలు వాషరుని వేళ్ళతో విప్పారదీసి, నూనె రాసి మళ్ళీ దూర్చేది. ఆ గిన్నె నోరు ఎప్పుడూ నొక్కే గాలి వైపే ఉండాలి. గాలి నలిగే కొద్దీ గిన్నె అంచుని పక్కలకి తోసి గోడకి అంటిస్తుంది. ఎంత ఒత్తిడి ఉంటే అంత గట్టిగా మూసుకుంటుంది. తనని ఆపేవాడికి గాలే బలం పోస్తుందన్నమాట. తిరగేసి పెడితే మాత్రం ఉత్త చెయ్యి ఊపడమే. సైకిలు పంపు విప్పి చూపించాను, అందులోనూ ఇదే గిన్నె.

మన వాషరు ఒక పక్క మాడి అప్పడంలా పెళుసుబారింది. అంచులో గోరు పట్టేంత కోత. గాలి కారిపోయేది అక్కడే. కోత ఎలా పడిందా అని సిలిండరులో వేలితో తడిమితే, మీట కదిలే గాడి అంచున సన్నటి ముళ్ళు తగిలాయి. సన్న ఆకురాయితో వాటిని రాసేశాను. లేకపోతే కొత్త వాషరు దూర్చేటప్పుడే తెగిపోయేది.

బజార్లో చెప్పులు కుట్టే ఆయన దగ్గర దళసరి తోలు గుండ్రంగా కోయించాను. నీళ్ళలో నానబెట్టి, ఇనప గొట్టం ముక్కలోకి కొయ్య మొగ్గతో అదిమి రెండు రోజులు నీడన ఆరబెడితే గిన్నె తయారు. దాన్ని ఒక రాత్రంతా సిలికాన్ నూనెలో ఉంచాను. కుట్టుమిషను నూనెలా అది తేలిగ్గా అంటుకోదు. సిలిండరుని కిరసనాయిలుతో కడిగి, నల్లటి మడ్డి పోయేదాకా కర్రకి గుడ్డ చుట్టి తిప్పాను. ఆపైన పొడిగుడ్డతో అంతకన్నా ఎక్కువసేపు తుడిచాను. లోపల చెమ్మ మిగిలితే కిరసనాయిలు కూడా డీజిలే. స్ప్రింగుకి, పిస్టను వెనక భాగానికి మాలిబ్డినం గ్రీజు, అరిటాకు మీద నెయ్యి రాసినంత పల్చగా. వాషరు ముందు వైపు ఏమీ రాయలేదు.

బిగించడమంటే విప్పిన దారినే వెనక్కి నడవడం, అదే క్లాంపు, అదే ఓపిక. చివర్లో గొట్టం మడత దగ్గర టిష్యూ కాగితం ముక్క పెట్టి, గుండు వేసి పేల్చాం. కాగితం ఎగరలేదు, అంటే ఆ అతుకు దగ్గర గాలి పోవట్లేదు. ఉత్త తుపాకీ పేల్చడం మాత్రం వద్దని దానికి గట్టిగా చెప్పాను. గుండు లేకపోతే గాలి అంతా ముందే జారిపోతుంది, పరుపు ఉండదు, పిస్టను నేరుగా ఇనుముని గుద్దుతుంది. గుండు పెట్టేటప్పుడు విరిచిన గొట్టాన్ని రెండో చెయ్యి వదలకూడదు. కొక్కెం జారితే అది కత్తెరలా మూసుకుంటుంది, వేళ్ళు మిగలవు.

మళ్ళీ పాలపొడి డబ్బా. అయిదున్నర సెంటీమీటర్లు. మళ్ళీ అయిదున్నర. పది దెబ్బలకీ అగ్గిపెట్టె సొరుగు అక్కడక్కడే ఆగింది. పొగ లేదు, చప్పుడు కూడా పొడిగా టక్‌మని. సెకనుకి 173 మీటర్లు, అరగ్రాము గుండులో ఏడున్నర జౌళ్ళు. ముప్పావు కిలో పంచదారని మీటరు ఎత్తుకి లేపినంత.

"స్ప్రింగు 22 ఇస్తే గుండుకి ఏడున్నరేనా? మిగతాది ఎవరు తిన్నారు?"

మంచి ప్రశ్న, పరీక్షలో రాదు. గాలి వేడెక్కి గోడలకి ఇచ్చింది కొంత, గుండు వెనకే బయటికి పోయింది కొంత, స్ప్రింగు తీగల వణుకులో కొంత, రాపిడికి కొంత. ఆ వణుకు మన భుజానికీ తెలుస్తుంది. పిస్టను ముందుకి దూకేటప్పుడు తుపాకీ వెనక్కి జరుగుతుంది, పిస్టను ఆగినప్పుడు ముందుకి ఉలికిపడుతుంది. గుండు ఇంకా గొట్టం దాటకముందే ఈ ఊపు మొదలవుతుంది. అందుకే గట్టిగా బిగించి పట్టుకున్నవాడికి గురి తప్పుతుంది, వదులుగా చేతిలో ఆననిచ్చిన వాడికి కుదురుతుంది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో కంచు పతకం తెచ్చాడు కదా, ఆ పోటీ తుపాకుల్లో స్ప్రింగే ఉండదు. ముందే నొక్కి నింపిన గాలి బుడ్డి ఉంటుంది. అదీ కొత్త సంగతి కాదు. 1780 నాటికే జిరాండోని తుపాకీకి మడమలో గాలి బుడ్డి ఉంది, ఆస్ట్రియా సైన్యం దాన్ని మోసింది.

లైసెన్సు సంగతి కూడా అడిగింది. మన దేశంలో గొట్టం 0.177 అంగుళాలు, అంటే నాలుగున్నర మిల్లీమీటర్లు దాటకుండా, బలం 20 జౌళ్ళు దాటకుండా ఉంటే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మనది అందులో సగం కూడా లేదు. పిట్టల మీద గురిపెట్టడానికి మాత్రం వన్యప్రాణుల చట్టం 1972 నుంచీ అడ్డం ఉంది. చట్టం సంగతి అటుంచి, మా గోడ మీద పాలపిట్టని కొడితే మా ఆవిడ ఊరుకోదు. గుళ్ళు సీసంవి కాబట్టి ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కున్నాకే కాఫీ ఇచ్చింది.

ఎలాగూ బల్ల మీద ఉంది కదా అని ఇంకో పని కూడా చేశాను. ముందు గురిపుల్ల ఎడమ పక్కకి వంగి ఉంది. పట్టకారుతో మెల్లగా నిలబెట్టి, ఆరు మీటర్ల దూరాన రూపాయి బిళ్ళంత గీసి పది గుళ్ళు వేస్తే తొమ్మిది అందులోనే పడ్డాయి. తొమ్మిదింటిలో ఆరు మా మనవరాలివి.

చెప్పిన రోజుకి బుడగల ఆయన వచ్చాడు. డబ్బా చూపించాను, సొరుగు చూపించాను, నూనె బొక్కలో వేయొద్దని చెప్పాను. బుద్ధిగా తలూపాడు. ఒక గుండు వేసి చూస్తానన్నాడు. ఇసుక బస్తాకి అంటించిన కాగితం మీద సరిగ్గా నడిమధ్య పడింది. ఆయన మొహంలో సంతోషం రాలేదు. తుపాకీ ఎత్తి, ఒక కన్ను మూసి, గురిపుల్ల వంక చాలాసేపు చూశాడు.

"ఇది మీరే నిలబెట్టారా అండీ?"

"అవునయ్యా. వంగిపోయి ఉంది."

"వంగిపోలేదండీ," అన్నాడు. జేబులోంచి చిన్న పట్టకారు తీసి, మా మనవరాలు చూస్తుండగానే దాన్ని మళ్ళీ ఎడమ పక్కకి వంచి, గోనెపట్టా చుట్టుకున్నాడు.